పాత పికప్‌ను ఎలక్ట్రిక్‌గా మారిస్తే బ్రేకుల సంగతేంటి?

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. నా దగ్గర 1994 ఫోర్డ్ రేంజర్ ఉంది, మాన్యువల్ గేర్లు. ఛాసిస్‌కు తుప్పు లేదు. అందుకే ఇంజిన్ దించేసి, యాక్సిడెంట్ అయిన నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారులోని 80 కిలోవాట్ల మోటారు, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెడదామని ఆలోచన. ఊళ్లో తిరగడానికే కాబట్టి ఆ రేంజ్ చాలు. గేర్‌బాక్స్ అలాగే ఉంచి, అడాప్టర్ ప్లేట్‌తో మోటారు బిగించాలి.

అసలు టెన్షన్ బ్రేకులతోనే. ఇంజిన్ పోతే, బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కు వాక్యూమ్ అందదు, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. విడిగా ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టుకున్నవాళ్లు ఉన్నారా? క్యాబిన్‌లోకి గోల బాగా వినిపిస్తుందా? పవర్ స్టీరింగ్ పంపు కూడా ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది కదా, దానికేం చేశారు?

300 వోల్టులు దాటే వైరింగ్ జోలికి నేను వెళ్లను. డాలస్ వైపు ఆ పని తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.