బాలానగర్ సీతాఫలం: కోసిన మూడో రోజుకే మెత్తబడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలో మాకు 2 ఎకరాల సీతాఫలం తోట ఉంది. దసరా ముందు పంటంతా ఒక్కసారే కోతకు వస్తోంది. హైదరాబాద్ చేరేసరికి అడుగు కాయలు నలిగిపోవడం, అడ్తిదారు ఆ సాకుతో ధర తెగ్గొట్టడం ఏటా ఉన్నదే. నిరుడు శీతల గిడ్డంగిలో పెడితే తొక్క నల్లబడింది, కాయ మాగనే లేదు. వేరే మార్గం ఉందా?

మొదటి సమాధానం:
అయ్యా, సీతాఫలం చలికి ఓర్చుకోలేని పండు. ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీల కంటే తగ్గితే మీరు చూసిన నష్టమే జరుగుతుంది కాబట్టి, ఆలుగడ్డలు నిల్వచేసే గదిలో దీన్ని పెట్టకూడదు. 15 డిగ్రీల దగ్గర ఉంచితే కొన్ని రోజులు కలిసివస్తాయి, అంతకు మించి ఆశించవద్దు. అసలు కీలకం కోతలో ఉంది. కండ్ల మధ్య సందులు విచ్చుకుని లేత పసుపు తెలుపులోకి తిరిగిన కాయనే కోయాలి. అంతకు ముందు కోస్తే సరిగా మాగదు, ఆలస్యమైతే చెట్టు మీదే పగులుతుంది. ఒకే చెట్టు కాయలన్నీ ఒకే రోజు ఆ దశకు రావు కనుక, కూలి ఖర్చు పెరిగినా రెండు మూడు రోజులకోసారి ఏరి కోయడమే లాభం. లోతైన తట్టలు మానేసి, కాగితం పరిచిన క్రేట్లలో రెండు వరుసలకు మించకుండా పేర్చండి.

రెండవ సమాధానం:
పగిలిన కాయను పారబోయకుండా అదే రోజు గుజ్జు తీయించవచ్చు. అయితే వేడిచేస్తే ఈ గుజ్జు చేదెక్కుతుంది, గాలి తగిలితే రంగు మారుతుంది. అందుకే మామిడి గుజ్జులా డబ్బాల్లో నింపడం కుదరదు, మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టించాలి. కొనేది ఎక్కువగా ఐస్‌క్రీం తయారీదారులే కాబట్టి, కోతకు ముందే వారితో మాట్లాడుకోకుండా గుజ్జు తీయిస్తే గిడ్డంగి అద్దె మీద పడుతుంది.

మూడవ సమాధానం:
గుజ్జు సంగతి సరే గానీ, 2 ఎకరాల రైతు ఒక్కడికి ఆ ఏర్పాటు భారమే. నీటి వసతి ఉంటే తోటను మూడు భాగాలు చేసి, ఆకు రాలాక కొన్ని వారాల తేడాతో కొమ్మలు కత్తిరించి తడులివ్వండి. పూత వెనకా ముందూ అయి కోత విడతలుగా వస్తుంది. బాలానగర్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి పక్కన మాగిన కాయను నేరుగా అమ్ముకునేవారికి అడ్తి బాధ లేదు. ఇంతకీ మీ బోరులో వేసవిలో నీరు ఉంటుందా?