మేత పోరంబోకు లీజు: గ్రామసభ మళ్లీ జరిపించాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి?

మాది కోనసీమలో మురుగు కాలువను ఆనుకుని ఉన్న ఊరు. ఆ గట్టు వెంబడి రెవెన్యూ రికార్డుల్లో పశువుల మేత పోరంబోకుగా ఉన్న సుమారు 4 ఎకరాలను రొయ్యల చెరువులకు లీజుకివ్వాలని పంచాయతీ నిర్ణయించింది. వేలం వచ్చే నెల 20న. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, తోపుల వంటి పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయి. అంతమాత్రాన వాటిని ఉప్పునీటి చెరువులుగా మార్చవచ్చా అన్నది వేరే సంగతి.

నాట్లు ముమ్మరంగా సాగుతున్నప్పుడు, ముందురోజు సాయంత్రం దండోరా వేయించి, ఉదయం 10 గంటలకు గ్రామసభ పెట్టారు. ఉప్పు ఊట దిగి పక్క వరిచేలు, బోర్లు పాడవుతాయని వచ్చిన కొద్దిమంది రైతులూ గట్టిగానే చెప్పారు. తీరా సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ నకలు తీసుకుంటే, "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న ఒక్క వాక్యమే ఉంది. సంతకాలున్న కాగితం వేరు. దానిపై తీర్మానం నంబరు గానీ తేదీ గానీ లేవు. హాజరు కోసం పెట్టించుకున్న సంతకాలనే ఆమోదంగా చూపారని నా అనుమానం.

పంచాయతీ కార్యదర్శికి లిఖితపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకున్నాం, జవాబు లేదు. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీ తిరిగి అదే పంచాయతీకి చేరి, "గ్రామసభ ఆమోదించినందున పరిష్కరించబడినది" అన్న మాటతో మూతపడింది.

కోర్టుకు వెళ్లే స్తోమత మాకు లేదు. వేలానికి ముందే ఈ తీర్మానాన్ని నిలిపివేయించి, తగిన నోటీసుతో గ్రామసభ మళ్లీ జరిపించాలంటే మేము అర్జీ పెట్టవలసింది జిల్లా పంచాయతీ అధికారికా, ఆర్డీఓకా?