ఏజెంట్‌కు ఇచ్చే టూల్ వివరణలో ఏమేమి రాయాలి? రొయ్యల ధరల దగ్గర తడబడుతోంది

చెరువుగట్టు (భీమవరం):
అందరికీ నమస్కారమండి. మా చుట్టుపక్కల వనామీ రొయ్యల రైతుల కోసం చిన్న ఏఐ ఏజెంట్ ఒకటి తయారు చేస్తున్నాను. దానికి మూడు టూల్స్, అంటే అది అవసరాన్ని బట్టి పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు, ఇచ్చాను. మొదటిది కౌంట్ వారీగా ఆ రోజు కొనుగోలు ధర చెబుతుంది, రెండవది రైతుకు గత పట్టుబడులలో పలికిన ధరలు చూపిస్తుంది, మూడవది చెరువు నీటి పరీక్ష ఫలితాలు తెస్తుంది. మొదటి దాని పేరు ‘గెట్_ప్రైస్’, వివరణ ‘రొయ్య ధర ఇస్తుంది’. రెండవ దాని పేరు ‘ప్రైస్_డేటా’, వివరణ ‘ధరల సమాచారం’. ఈ రోజు 30 కౌంట్ ఎంత అని అడిగితే ఒక్కోసారి నిరుటి పట్టుబడి ధర చెబుతోంది. పెద్ద రొయ్య ఎంత అని అడిగితే 100 కౌంట్ ధర తెస్తోంది. కోడ్ పదిసార్లు పరీక్షించాను, విలువలు సరిగానే వస్తున్నాయి. ఏజెంట్‌ను నడిపే భాషా మోడల్‌నే మార్చమంటారా?

కొబ్బరితోట (అంబాజీపేట):
మోడల్‌ను తప్పుపట్టే ముందు, కోడ్ మూసిపెట్టి ఆ రెండు వివరణలను మాత్రమే ఒకసారి చదవండి. మోడల్‌కు టూల్ పేరు, వివరణ, అది అడిగే విలువల పట్టిక తప్ప మరేమీ కనబడవు. ‘రొయ్య ధర’, ‘ధరల సమాచారం’ అని రెండు గదులకు బోర్డులు పెడితే, నిన్న పనిలో చేరిన గుమస్తా మాత్రం ఏ గదిలోకి వెళ్లాలో ఎలా తేల్చుకుంటాడు? ఈ టూల్ ఎప్పుడు వాడాలో రాసినట్లే, ఎప్పుడు వాడకూడదో, అప్పుడు దేనిని పిలవాలో కూడా రాయాలి.

కౌంట్ సంగతి ఇంకా చిక్కైనది. కిలోకు తూగే రొయ్యల సంఖ్యే కౌంట్ కనుక 30 కౌంట్ రొయ్య ఒక్కొక్కటి సుమారు 33 గ్రాములనీ, 100 కౌంట్ అయితే 10 గ్రాములేననీ గట్టు మీద పెరిగిన మీకు వేరే చెప్పనక్కరలేదు, కాబట్టే వివరణలో రాయాలని తోచలేదు. అంకె పెరిగితే సరుకు పెద్దదనుకోవడం ఎవరికైనా సహజమే.

గేజిమనిషి (ధవళేశ్వరం):
యూనిట్‌తోపాటు స్థలం, సమయం కూడా రాయాలండి. వరద సమాచారం చెప్పే నా టూల్‌కు ‘నీటిమట్టం, అడుగులలో’ అని మాత్రమే రాసి ఊరుకున్నాను. భద్రాచలం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు, ఇక్కడ బ్యారేజీ దగ్గర అవే 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. పరీక్షలో ధవళేశ్వరం మట్టం 14 అడుగులని ఇస్తే, ఏజెంట్ దానిని భద్రాచలం అంకెతో పోల్చి ముప్పు లేదని తేల్చింది. నిజానికి అప్పటికి రెండవ హెచ్చరిక దాటిపోయినట్లే. ఇప్పుడు స్థలాన్ని తప్పనిసరి విలువగా మార్చి, రెండు చోట్ల హెచ్చరిక మట్టాలనూ వివరణలో చేర్చాను.

మీ నీటి పరీక్ష టూల్‌లోనూ లవణీయత పీపీటీలలోనా (వెయ్యి వంతులకు ఎన్ని వంతులు), ఆక్సిజన్ లీటరుకు మిల్లీగ్రాములలోనా అన్నది రాసి, కొలిచిన వేళను ఫలితంలో చేర్చండి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుంది. మధ్యాహ్నపు అంకె చూసి రాత్రికి నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆపమని ఏజెంట్ చెప్పిందంటే కొంప మునిగినట్లే.

కాలువలాకు (తణుకు):
గేజిమనిషి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. వివరణలన్నీ ప్రతి అభ్యర్థనతోపాటు మోడల్‌కు వెళతాయి, ప్రతిసారీ టోకెన్లు (మోడల్ చదివే పాఠాన్ని లెక్కించే చిన్న ముక్కలు) ఖర్చవుతాయి. హెచ్చరిక మట్టాలను వివరణలో పెట్టి పోలిక మోడల్‌కు అప్పగించే బదులు, ‘రెండవ హెచ్చరిక దాటింది’ అని టూలే ఫలితంలో చెప్పవచ్చు కదా. కోడ్ చేయగల లెక్కను కోడ్‌కే వదిలేయాలి.

కౌంట్‌కు కూడా అనుమతించే విలువల జాబితా పెట్టండి. లేని కౌంట్ అడిగినప్పుడు ఖాళీ జవాబు పంపకుండా ‘35 కౌంట్‌కు ధర లేదు, 30, 40 కౌంట్లకు ఉంది’ అని పంపితే, మోడల్ తానే సరిదిద్దుకుని మళ్లీ పిలుస్తుంది. ఇక ‘చాలా ముఖ్యం, తప్పక వాడాలి’ అని వివరణలో దండోరా వేయకండి. నేను వేసి చూశాను, మేత గురించి అడిగినా ధరల టూల్‌నే పిలిచింది.

గేజిమనిషి (ధవళేశ్వరం):
అంగీకరిస్తున్నానండి. ఈ వారంలోనే మారుస్తాను.

చెరువుగట్టు (భీమవరం):
అందరికీ ధన్యవాదాలు. మోడల్ మార్చలేదు. మొదటి టూల్ పేరు ‘నేటి_కొనుగోలు_ధర’ అని, రెండవ దాని పేరు ‘రైతు_గత_అమ్మకాలు’ అని మార్చి, మొదటి దాని వివరణ ఇలా రాశాను: ‘వనామీ రొయ్యకు ఈ రోజు కొనుగోలు ధరను కౌంట్ వారీగా, కిలోకు రూపాయలలో ఇస్తుంది. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, అంకె తగ్గినకొద్దీ రొయ్య పెద్దది. రైతు కౌంట్ చెప్పకపోతే ఊహించకుండా అడగాలి. పాత పట్టుబడుల ధరలకు దీనిని వాడరాదు, వాటికి రైతు_గత_అమ్మకాలు అనే టూల్ ఉంది.’

రైతులు మాట్లాడే తీరులోనే 20 ప్రశ్నలు రాసి పరీక్షిస్తే 18 సరిగా వచ్చాయి. మిగిలిన రెండింటిలో ‘రేటు ఎలా ఉంది’ అని మాత్రమే ఉంది, దానికి ఏజెంట్ ఏ కౌంట్ అని ఎదురు ప్రశ్న వేసింది. నేను వాటిని తప్పుల్లో వేశాను. మా నాన్నగారు చూసి, చెరువు మీదకు వచ్చిన కొనుగోలుదారు కూడా ముందు అదే కదరా అడిగేది అన్నారు.