స్లీవ్ సర్జరీలో స్టేపుల్స్‌కి అదనపు పొర: తెలిసినవాళ్లు చెప్పండి

మా అక్కకి బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేస్తామన్నారు. జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేసి, కోసిన అంచుని స్టేప్లర్‌తో మూస్తారు. ఆ స్టేపుల్స్ వెంట బలం కోసం ఒక పొర కూడా వేస్తారట. దానివల్ల రక్తస్రావం తగ్గుతుందని అర్థమైంది. నా భయమల్లా లీక్ (స్టేపుల్స్ వేసిన చోటునుంచి జీర్ణాశయంలోది బయటికి కారడం) గురించే, ముఖ్యంగా అన్నవాహిక దగ్గరున్న పైకొసలో. లీకైతే జ్వరం, గుండెదడ, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్. శరీరం లోపల వాడే స్టేప్లర్ల మీద అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో నిబంధనలు బిగించింది కూడా.

ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లు, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. పొర వేస్తే మందం పెరుగుతుంది కదా, దానికి తగ్గ స్టేపుల్ ఎత్తు ఎలా ఎంచుకుంటారు? పొర కరిగిపోయే రకమా, పశువుల గుండె పైపొరతో చేసిందా అని సర్జన్‌ని ముందే అడగొచ్చా? అక్కకి ధైర్యం చెబుతున్నా గానీ నాకే చాలా టెన్షన్‌గా ఉంది.