ఆరెకరాలకు 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ సరిపోతదా, 45 తీసుకోవాల్నా?

నల్గొండ_బత్తాయి:
అన్నలూ నమస్తే. మాది నల్గొండ దగ్గర పల్లె. మొత్తం ఆరెకరాలు, అందుల మూడెకరాలు బత్తాయి, ఏడేండ్ల చెట్లు, 20 ఫీట్లకొకటి పెట్టినం. రెండెకరాలు బోరు కింద వరి, ఎకరం పత్తి. ఇన్నేండ్లు కిరాయి ట్రాక్టర్‌తోనే నడిపిచ్చినం కానీ ఈసారి చాలా ఇబ్బంది అయింది, తోటల గడ్డి నడుములెత్తు పెరిగినా బండి దొర్కలే, ఆఖరికి దొరికినాయన పెద్ద ట్రాక్టర్ తోలుకొచ్చి కాయ మీదున్న కొమ్మలు ఇరగ్గొట్టిండు, మా నాయిన రెండు దినాలు సరిగ్గ అన్నం తినలే.

అందుకే సొంతది కొందామని ఉంది. చిన్నది 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ ఐదు లక్షల అరవై వేలు చెప్పిన్రు, 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ఏడు లక్షల ఇరవై. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, పెద్దదాని మీద దగ్గర దగ్గర యాభై వేలు తగ్గింది, దాంతోటే ఆశ పుట్టింది. మా మామ, తమ్ముడు ఇద్దరు పెద్దదే తీసుకో, కిరాయికి తిప్పితే కిస్తీలు అవే ఎల్లిపోతయ్ అంటున్నరు. నేనే తోలుకోవాలె, డ్రైవర్‌ను పెట్టే స్థోమత లేదు. ఏం చేయాల్నో జెర చెప్పండి.

అనంతపురం_చీనీతోట:
అన్నా మీరు బత్తాయి అంటారు, మేం చీనీ అంటాం, చెట్టు ఒకటే బాధ ఒకటే. నా దగ్గర నాలుగేండ్లుగా 27 హెచ్‌పీ చిన్నబండి ఉంది, తోట పని అంతా దాంతోనే చేస్తాండా. కొమ్మలు విరగడం కంటికి కనపడే నష్టం, కనపడనిది ఇంకొకటి ఉంది, వేర్లు. చీనీకి మేత తీసుకునే సన్న వేర్లు పైపైనే ఉంటాయి, పెద్దబండికి పెద్ద రోటవేటర్ (బ్లేడ్లు తిరిగి నేల దున్నేది) కట్టి లోతుగా వేస్తే అవన్నీ తెగిపోతాయి, ఆ గాయాల్లోంచే కుళ్లు ఎక్కేది. పైగా 45 హెచ్‌పీ బండి దగ్గర దగ్గర రెండు టన్నులు తూగుతాది, తడి ఉన్నప్పుడు తిప్పితే చెట్టు చుట్టూ నేల గట్టిపడిపోతాది. చిన్నవాటిల్లో ఆరేడు వందల కిలోలవి కూడా ఉన్నాయి. నేనైతే మూడు నాలుగంగుళాలు మించి దింపను, గడ్డి తిరగబడితే చాలు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాండా, 24 అని బోర్డు మీద ఉండేది ఇంజిన్ హెచ్‌పీ, రోటవేటర్‌కి గానీ మందు కొట్టే బ్లోయర్‌కి గానీ అందేది పీటీఓ హెచ్‌పీ, అంటే బండి వెనకాల తిరిగే షాఫ్ట్‌కి వచ్చే బలం, అది ఇంకా తక్కువ. షోరూంలో పీటీఓ ఎంత అని అడుగు, నువ్వు కొనాలనుకునే బ్లోయర్‌కి ఎంత కావాలో కనుక్కో, రెండూ కలిసినాకనే అడ్వాన్స్ ఇయ్యి.

సూర్యాపేట_45:
తమ్మీ నాది 45 హెచ్‌పీ, ఆరేండ్లు అయితుంది. ముందు పెద్దదాని మంచి చెప్త. నల్లరేగడి ఎండినంక పెద్ద నాగలి ఏస్తె చిన్న బండి ఆగిపోతది, తొమ్మిది నాగళ్ల కల్టివేటర్ పెద్దది గుంజినట్టు చిన్నది గుంజలేదు, దానికి ఐదు నాగళ్లే. ట్రాలీల వడ్లు, ఎరువు ఏదేసినా పోతది. మన దేశంల ఎక్కువ అమ్ముడయ్యేది 41 నుంచి 50 హెచ్‌పీ బండ్లే కాబట్టి అమ్ముదామన్నా గిరాకీ ఉంటది.

కానీ మీ మామ చెప్పిన కిరాయి లెక్క నమ్మి కొనకు. నేను గదే నమ్మి కొన్న. వాన పడ్డ నాడు అందరికీ ఒక్కసారే ట్రాక్టర్ కావాలె, నువ్వు పక్కోని చేన్ల ఉంటవు, నీ చేను ఆరిపోతది. పైసలు అప్పుడే ఇయ్యరు, పంట అమ్మినంక అంటరు, చుట్టాలైతే అడగనీకె నోరు రాదు. రెండేండ్ల కిందటి బాకీలు ఇంకా నా పుస్తకంల ఉన్నయ్. డ్రైవర్ లేకుంట ఒక్కనివి తోట, వరి, కిరాయి మూడు ఎట్ల చూస్తవు? నీకు పెద్దదే కావాలంటె పాతది చూడు, మెకానిక్‌ను ఎంబడి తీస్కపోయి పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయించు, అప్పుడు పొగ, సప్పుడు అన్నీ తెలుస్తయ్.

భీమవరం_వరి:
రెండెకరాల వరి కోసం పెద్ద ట్రాక్టర్ కొనడం ఏంటండీ? దమ్ము చేయడానికి ఏడాదికి రెండుసార్లు బండి కావాలి, రెండెకరాలు ఒక పూట పని, అది కిరాయికి చేయించేసుకోండి. చిన్నదానితో దమ్ము అవ్వదని కాదండి, తేలిక కాబట్టి దిగబడదు, ఫోర్ వీల్ కాబట్టి బయటకొస్తది, కాకపోతే నెమ్మదిగా రెండు మూడు చాళ్లు ఎక్కువ తిప్పాలి.

ఇంకోటి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. చిన్న బండికి ట్రాలీ కడితే లోడు విషయంలో చాలా జాగ్రత్త. లాగడం లాగుద్ది, కానీ కాలవ గట్టు దిగేటప్పుడు బ్రేకేస్తే వెనకాల బరువు బండిని తోసేసుద్ది. మా వాళ్లబ్బాయి ఇలాగే వడ్ల బస్తాలేసుకుని గట్టు మీంచి పడ్డాడు, కాలు విరిగి ఆర్నెల్లు మంచంలో ఉన్నాడండి. లాగుతుంది కదా అని వేసేయకండి, ఆపగలదా అని చూడండి.

సూర్యాపేట_45:
అన్న చెప్పింది నిజం. తమ్మీ, ఇంకొకటి, లోన్ తీసుకుంటె నెలనెలా కిస్తీ పెట్టించుకోకు, ఆర్నెల్లకోసారి పెట్టించు, బత్తాయి పైసలు చేతికొచ్చే నెల చూసి తారీకు రాపిచ్చుకో. కేంద్రం ఎస్‌ఎంఏఎం (వ్యవసాయ యంత్రాల) స్కీమ్ కింద చిన్న, సన్నకారు రైతులకు పనిముట్ల మీద 50 శాతం దాకా సబ్సిడీ ఉంటది, రోటవేటర్ కొనే ముందు మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారును అడుగు.

నల్గొండ_బత్తాయి:
అందరికీ దండాలు అన్నలూ. ఇయ్యాల పొద్దుగాల టేపు పట్టుకొని తోటలకు పోయిన. కొమ్మ కొస నుంచి అవతలి చెట్టు కొమ్మ కొసకు ఐదున్నర ఫీట్లు కూడా లేదు, కొన్ని సాళ్లల్ల ఐదే. పెద్ద బండి ఎడల్పే అంత ఉంది, ఇంగ చెట్లు పెరుగుతయ్ కూడా. చిన్నది మూడున్నర ఫీట్లు అని కాయిదంల ఉంది. మా నాయినకు చూపించిన, ఏం మాట్లాడలే, టేపు తీస్కొని మల్లా ఆయనే కొలిచిండు.

చిన్నదే అనుకుంటున్న, వరికి కిరాయే. ఆదివారం డెమో కోసం మా తోటకే తెమ్మన్న, రోడ్డు మీద నడిపి చూపిస్తె వద్దన్న. చీనీతోట అన్నా, రోటవేటర్ నాలుగు ఫీట్లది ఇస్తమంటున్నరు, డ్రిప్ పైపులు ఉన్నయ్ కదా, మూడు ఫీట్లది అడగాల్నా?

అనంతపురం_చీనీతోట:
నాలుగే తీసుకో అన్నా. మూడుదైతే టైరు అచ్చు రోటవేటర్ బయట మిగిలిపోతాది, అక్కడ గడ్డి అట్లనే ఉంటాది. డ్రిప్ పైపులు తిప్పే ముందు మొదలు దగ్గరకి జరిపేయి, మేమూ అట్లనే చేస్తాం. డెమో రోజు మీ నాయన్ని కూడా సీట్లో కూచోబెట్టు, క్లచ్ ఆయన కాలికి అందుతాదో లేదో చూడు.