'స్మోక్ ఆన్ ద వాటర్' ఆరంభం: గిటార్ మీద రెండు తీగలూ సమానంగా పలకాలంటే ఎలా?

నమస్కారం. డీప్ పర్పుల్ అనే రాక్ బృందం 1972లో విడుదల చేసిన 'మషీన్ హెడ్' ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, రికార్డింగుకు ఎంచుకున్న కాసినో కాలిపోతే, చివరికి గ్రాండ్ హోటల్ నడవాలో పరుపులు అడ్డుపెట్టుకుని వాయించారు. ఎంత పట్టుదల! ఆ అగ్నిప్రమాదమే 'స్మోక్ ఆన్ ద వాటర్' పాటయింది.

నా చిక్కు ఆ పాట మొదట్లోనే ఉంది. బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ అక్కడ పిక్ (తీగలు మీటే చిన్న పలక) వాడరు, రెండు తీగలను వేళ్లతో ఒకేసారి లాగుతారు. నేను బొటనవేలితో నాలుగో తీగ, చూపుడువేలితో మూడో తీగ మీటుతున్నాను. నొక్కకుండా వదిలిన తీగలు బాగానే పలుకుతాయి. మూడో మెట్టు (ఫ్రెట్) నుంచి ఐదో మెట్టుకు జరిగేసరికి మాత్రం బొటనవేలి తీగ గట్టిగా, రెండోది పేలవంగా వినిపిస్తోంది. మీరు ఏ వేళ్లు వాడతారు? గోటితోనా, కండతోనా?

ఇంకో సందేహం. ఆల్బమ్‌లో బృందం కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్ హామండ్ ఆర్గాన్‌ను గిటార్ ఆంప్లిఫయర్ గుండా పంపి అదే బాణీని జతగా వాయించారు. నేను వెతుకుతున్న ఆ బరువు ఒక్క గిటార్‌తో వస్తుందా? సాధన చేసినవారు దయచేసి చెప్పండి. రెండు నెలలుగా ఈ నాలుగు స్వరాల దగ్గరే ఆగిపోయాను.