బరువు టైప్ చేసేకాడ తప్పు పడితే సున్నా పెట్టొచ్చా?

మిర్యాలగూడ_తమ్ముడు:
అన్నలూ, వడ్ల కొనుగోలు సెంటర్‌కు పైథాన్‌ల చిన్న ప్రోగ్రాం రాస్తున్న. కాంటా పెట్టినంక ఒక్కో బస్తా బరువు టైప్ చేస్తరు. "40.6 కిలోలు" అనో "40,6" అనో కొడితే దాన్ని దశాంశ సంఖ్యగ మార్చే ఫ్లోట్ దగ్గర, విలువ చెల్లదని చెప్పే వాల్యూఎర్రర్ వచ్చి ఆగిపోతున్నది. ఎర్రర్ వచ్చినప్పుడు నడిచే ఎక్సెప్ట్‌ల సున్నా పెట్టమని ఒకరు, అన్నీ అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్‌తో ముందే చూసుకోమని ఇంకొకరు చెప్తున్నరు. మీరేమంటరు?

జడ్చర్ల_జావా:
సున్నా పెట్టు తమ్మీ. సీజన్ల ట్రాక్టర్లు లైన్ కట్టి ఉంటయి, ప్రోగ్రాం ఆగొద్దు. సున్నాలు పొద్దూకినంక సరిచేసుకోవచ్చు.

నల్లగొండ_పైథాన్:
అస్సలు వద్దు. పొద్దూకేసరికి ఆ బస్తా లారీ ఎక్కి మిల్లుకు పోతది, మళ్లీ తూకం ఎట్ల వేస్తరు? పోయేది రైతు పైసలు.
ఈజ్‌డిజిట్ కూడా పనికిరాదు. 40.6ల చుక్క చూసి కాదంటది. అదే ² గుర్తును అవునంటది, పూర్ణసంఖ్యగ మార్చే ఇంట్‌కు ఇస్తే మాత్రం ఎర్రరే. మార్చేది ఫ్లోట్ అయినప్పుడు మారుతదో లేదో దాన్నే అడగాలె. ఎర్రర్ రావచ్చనుకునే కోడ్ పెట్టే ట్రైల, ఫ్లోట్‌తో మార్చే ఆ ఒక్క లైనే పెట్టు. ఎక్సెప్ట్ పక్కన వాల్యూఎర్రర్ అని రాయి. ఉత్త ఎక్సెప్ట్ పెడితే అన్ని ఎర్రర్లనూ మింగుతది, ఆ లైన్ల వేరియబుల్ పేరు తప్పు రాసినా బయటపడదు. కొట్టింది కొట్టినట్టు చూపించి మళ్లీ అడుగు.

జడ్చర్ల_జావా:
మాటిమాటికి అడిగితే ఆపరేటర్‌కు విసుగొస్తది. కామా తీసేసి మారిస్తే సగం గొడవ పోతది కదా.

దేవరకొండ_డేటా:
కామా తీస్తే "40,6" కాస్తా 406 అయితది అన్నా! ఎర్రర్ లేకుంటనే తప్పు లెక్క లోపలికి పోతది. ఇంకోటి, ఎన్, ఏ, ఎన్ (nan, అంటే సంఖ్య కాదని) అని మూడక్షరాలు కొట్టినా ఫ్లోట్ ఎర్రర్ ఇయ్యదు. ఆ విలువను సున్నా కంటే తక్కువనా, 60 కంటే ఎక్కువనా అని అడిగితే రెండిటికీ కాదంటది. అట్ల లోపలికొచ్చి మొత్తం కూడికను చెడగొడ్తది. షరతు తిప్పి రాయి తమ్మీ: సున్నాకు 60కి నడుమ ఉంటేనే తీసుకోవాలె. తెలుగు అంకెల్ల ౪౦.౬ కొడితే మాత్రం భయం లేదు, పైథాన్ 40.6 గనే చదువుతది.

జడ్చర్ల_జావా:
406 సంగతి ఒప్పుకుంట. మరి పాత ఫైల్ మొత్తం ఎక్కించేటప్పుడు అడగనీకి మనిషే ఉండడు కదా?

నల్లగొండ_పైథాన్:
అప్పుడు ప్రోగ్రాం ఆపకు, సున్నా మాత్రం పెట్టకు. ఆ గడి ఖాళీగ ఉంచి, లైన్ నంబరు, అందుల ఉన్న అక్షరాలు వేరే ఫైల్ల రాయి. ఆ లైన్ సరిచేసినంకనే ఆ రైతు బిల్లు తియ్యాలె.